చెట్టు వాళ్ళమ్మ

సినిమా ఫ్లోరులో ఎవరికీ సొంత పేరుతో పనుండదు. చేసే పనే పేరు. లైట్లాయన, మొక్కలాయన, తొడుగు మేస్త్రి, గాలి బాబాయ్. ఆ లెక్కన ఆమెకు పడ్డ పేరు చెట్టు వాళ్ళమ్మ.

"చెట్టు వాళ్ళమ్మా, కాస్త పక్కకి జరగండి, మీ నీడ పడుతోంది."

"చెట్టు వాళ్ళమ్మకి టీ అందిందా?"

మొదట్లో ఆమెకు చిన్నతనంగా ఉండేది. తర్వాత, పోనీలే, ఒకందుకు మంచిదే అనుకుంది. చెట్టంటే నూరేళ్ళు బతికేది కదా. ఆ పేరైనా పిల్లకి ఆయుష్షు పోస్తుందేమో.

చెట్టంటే ఆమె కూతురే. ఇంట్లో పిలుపు పిట్ట. పుట్టినప్పుడు గుప్పెడంత ఉంది, పెరిగాక కూడా పెద్దగా పెరగలేదు. నాట్యం నేర్చుకుంది, ఒంటిని చెప్పినట్టు వంచుతుంది, కానీ ఎక్కడికి వెళ్ళినా పొట్టి అన్నారు, మొహం తెరమీద ఆనదన్నారు. చివరికి ఆ పొట్టితనమే కలిసొచ్చింది. తొడుగు మేస్త్రి రబ్బరుతో, స్పాంజితో చేసిన చెట్టు మానులో పట్టేంత చిన్న మనిషి ఊరంతా వెతికినా ఇంకొకరు దొరకలేదట.

"మొహం కనబడదు కదే" అంది తల్లి, కబురు విన్న రోజు.

"చెట్టు కనబడుతుంది కదమ్మా. ఈ సినిమాలో చెట్టే ముఖ్యం."

అది నిజమే. కథంతా ఒక చెట్టూ ఒక మనిషీ. పిల్లను పోగొట్టుకున్న ఒకావిడ పెరట్లో చెట్టుతో మాట్లాడుతూ ఉంటుంది. మొగుడికి చెప్పుకోలేనివన్నీ దానికి చెబుతుంది. వినీ వినీ ఆ చెట్టు ఊపిరి తీయడం మొదలుపెడుతుంది. మొగుడికి అది కళ్ళల్లో నలుసై గొడ్డలి పట్టుకొస్తాడు. అప్పుడు చెట్టు నిలువునా వణుకుతుంది, ఆవిడ పరుగున వచ్చి దాన్ని కావలించుకుంటుంది. తల్లికి కథ విన్నప్పుడే ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ సినిమాల్లో చెట్టంటే వెనకాల పచ్చగా కనబడ్డానికో, కిందన ఎవరో కూర్చుని ఏడవడానికో, చాటున దొంగ దాక్కోడానికో అనుకుంది. ఊపిరి తీసే చెట్టట! ఊపిరి సంగతే ఎత్తాలా వీళ్ళు?

ఎందుకంటే పిట్టకు ఉబ్బసం ఉంది. పెద్దయ్యాక తగ్గింది గానీ పోలేదు. దుమ్ము పడితే, భయం పడితే, చెమ్మ తగిలితే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ సంగతి కంపెనీవాళ్ళకి చెప్పలేదు. చెబితే ఊపిరాడని మనిషిని తొడుగులో పెడతారా ఎవరైనా?

"నా మీద ఒట్టు వెయ్యి" అంది పిట్ట, మొదటిరోజు గుమ్మం దాటే ముందు. తల్లి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టు వెయ్యి."

"అవేం మాటలే! నీ మీద ఒట్టేమిటి, నా మీద వేసుకుంటా."

"నీ మీద వేసుకుంటే తప్పేస్తావు. నాకు తెలుసు."

వేసింది. వేసినప్పటినుంచీ ఆమె ప్రాణం అడకత్తెరలో పోకచెక్కే. చెబితే పిల్ల మీద వేసిన ఒట్టు పిల్లకే తగులుతుంది. చెప్పకపోతే రబ్బరు మానులో పిల్ల ఏమవుతుందో తెలీదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకు కీడెంచడంతోనే పొద్దుగూకేది, మేలెంచే వేళ వచ్చేదే కాదు.

అసలు మాట చెప్పకూడదు కాబట్టి కొసరు మాటలన్నీ చెప్పేది. మొన్న పిట్ట లోపల దగ్గినట్టు వినిపిస్తే "అమ్మో తేలు! తేలు పాకింది!" అని కేకపెట్టి షాటు ఆపించింది. అందరూ కుర్చీలెక్కారు. తేలూ లేదు, తోకా లేదు. నిన్న "పిల్ల కాలు బెణికిందండీ, నిన్నటినుంచీ కుంటుతోంది" అంది. తొడుగు విప్పితే పిట్ట చక్కగా నడుచుకుంటూ వచ్చింది, తల్లివంక చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. సాయంత్రం డైరెక్టరు ఆమెను పక్కకు పిలిచాడు. కుర్రవాడే, కానీ నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"అమ్మా, మీరు పెద్దవారు. మీరంటే నాకు గౌరవం. కానీ ఇంకొక్కసారి షాటు మధ్యలో అరిస్తే మిమ్మల్ని గేటు బయట కూర్చోబెట్టాల్సి వస్తుంది. మీ అమ్మాయిని కూడా మార్చుకోవాల్సి వస్తుంది."

"అరవను నాయనా. నోరు కుట్టేసుకుంటాను."

ఆ రాత్రి అన్నం దగ్గర పిట్ట అంది, "అమ్మా, నువ్వు భయపడే ఒక్కొక్క భయానికీ నేను ఒక్కొక్క మెట్టు దిగుతున్నాను. ఇంక దిగడానికి మెట్లు లేవు."

ఆ మాట తల్లికి ముద్దలో రాయిలా తగిలింది.

ఈరోజు ఆఖరి సీను. పొద్దున ఫ్లోరులోకి రాగానే ఆమె చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది, రోజూ చేసినట్టే. చుట్టూ నిజం మొక్కలు కుండీల్లో ఉన్నాయి, వాటి వెనక ప్లాస్టిక్ మొక్కలు. ఏది ఏదో తెలీక మొదటిరోజు ఆమె ఒక ప్లాస్టిక్ మొక్కకి చెంబుడు నీళ్ళు పోసింది. మొక్కలాయన ఆ సంగతి ఇప్పటికీ మరవలేదు.

"ఏమ్మా, మీ మొక్క ఏపుగా ఎదుగుతోందా? పూత పట్టిందా?"

"నీ ఎగతాళి కాలా! నీ మొక్కలకి ఎండ తగిలితే లైట్లు ఆపించేస్తావు. నా పిల్లకి ఎవరాపుతారు?"

"నా మొక్కలు వాడిపోతాయి కదమ్మా. మీ అమ్మాయి రబ్బరు చెట్టు, వాడదు." మొక్కలాయన నవ్వేసి నీళ్ళు చిమ్మే సీసాతో ముందుకు పోయాడు.

అప్పుడు చూసింది ఆమె. చెట్టు మధ్యలో ఒక తొర్ర ఉండేది. అందులోంచే పిట్ట చూసేది, అందులోంచే ఊపిరి తీసేది. ఇప్పుడు ఆ తొర్ర లేదు. దాని మీద పచ్చగా, మెత్తగా నాచు పరిచి ఉంది.

తొడుగు మేస్త్రి దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళింది. "మేస్త్రీ, ఆ కన్నం మూసేశావేమయ్యా?"

"మూయలేదమ్మా. ఈరోజు కెమెరా దగ్గరికొస్తుంది. లోపల కళ్ళు మెరుస్తుంటే చెట్టు కాదు, దొంగలా ఉందన్నారు డైరెక్టరుగారు. సన్నటి వల బిగించి దానిమీద నాచు అంటించాను. వల కదా, గాలాడుతుంది."

"ఆడుతుందా?"

"ఆడుతుందమ్మా! నేను మొహానికి పెట్టుకుని చూశాను."

అతను చూసినప్పుడు నాచు పొడిగా ఉంది. ఆమె చూస్తూండగానే మొక్కలాయన వచ్చి చెట్టంతా నీళ్ళు చిమ్మాడు. నాచు పచ్చగా తేరుకుని మెరిసింది. "ఇదిగో, ఇప్పుడు ప్రాణం వచ్చింది" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. మెట్లు గుర్తొచ్చాయి. నోరు మూసుకుంది.

పిట్ట లోపలికి దూరేముందు తల్లివైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. తల్లి తలూపింది. చేతిసంచిలో పీల్చే మందు ఉందో లేదో తడిమి చూసుకుంది. ఉంది. మేస్త్రి వెనకాల జిప్పు లాగి, అతుకు కనబడకుండా దానిమీద బెరడు అంటించాడు. పిట్ట చేతులు రెండూ కొమ్మల్లోకి వెళ్ళిపోయాయి. లోపల ఏదైనా ఇబ్బందైతే కుడికొమ్మ పైకీ కిందకీ ఊపాలి. అది మొదటిరోజే పెట్టుకున్న గుర్తు. కుడికొమ్మ ఊగిందా, మేస్త్రి పరిగెత్తుకెళ్ళి జిప్పు తీస్తాడు.

లైట్లు వెలిగాయి. ఫ్యాను పక్కన గాలి బాబాయ్ కూర్చున్నాడు. మనిషెత్తు ఫ్యాను అది. దాని హోరు ఇన్నేళ్ళు విని విని ఆయన చెవులు సగం పోయాయి. ఏ మాటన్నా మళ్ళీ చెప్పించుకుంటాడు. ఒక్క మాట మాత్రం ఎంత దూరంనుంచి అన్నా వినిపిస్తుంది. "గాలి!" అంటే చాలు, చెయ్యి మీటమీదకు పోతుంది. ఈ సీనుకి తర్వాత సంగీతం కలుపుతారట, అందుకని షాటు జరుగుతుండగానే డైరెక్టరు కేకలు పెట్టుకోవచ్చు.

"రెడీయా? చెట్టూ, వినబడుతోందా? ఈరోజు మామూలుగా కాదు, నిలువునా వణకాలి. ఆకు ఆకూ వణకాలి. యాక్షన్!"

మొగుడు వేషం ఆయన గొడ్డలితో వచ్చాడు. చెట్టు మెల్లగా కదిలింది.

"గాలి!"

బాబాయ్ మీట తిప్పాడు. కొమ్మలు ఊగాయి. ఆకులు గలగలలాడాయి.

"బాగుంది! ఇంకా వణుకు! భయం కనబడాలి!"

చెట్టు వణికింది. ఎడమకొమ్మ, కుడికొమ్మ, మాను, అన్నీ. చూస్తున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. మేకప్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. తల్లి కళ్ళు మాత్రం కుడికొమ్మ మీదే ఉన్నాయి. అది పైకి లేచింది. కిందకి పడింది. మళ్ళీ లేచింది.

మేస్త్రి వంక చూసింది. మేస్త్రి మురిసిపోతూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు తట్టింది ఆమెకు. ఇన్నాళ్ళూ చెట్టు కదలకుండా నిలబడేది, కొమ్మ ఊగితే గుర్తని తెలిసేది. ఈరోజు ఊగమన్నదే వాళ్ళు. ఊగే చెట్టుకు ఏ కొమ్మ ఊగితే ఎవరికి తెలుస్తుంది?

లేదు, నటిస్తోంది. పిల్ల నటిస్తోంది. అందరూ మెచ్చుకుంటున్నారు కదా. నువ్వు పీడకలలు కనేదానివి, నోరు మూసుకో అని తనను తానే తిట్టుకుంది. పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మానులోంచి సన్నగా వినిపించింది.

"గాలి..."

బాబాయ్ తలెత్తాడు.

"గా... లి..."

"చూడు, చెట్టే అడుగుతోంది!" డైరెక్టరు నవ్వాడు. ఆ నవ్వులో కల్మషం లేదు. "పిల్లకి సీను పట్టేసింది. పెంచు బాబాయ్, పూర్తిగా పెంచు!"

బాబాయ్ మీట చివరికంటా తిప్పాడు. ఫ్యాను హోరుమంది. తడి నాచు వలకు అతుక్కుని, వల లోపలికి నొక్కుకుపోయింది. తొర్ర ఉన్నచోట పిట్ట మొహం అచ్చు పడింది. ముక్కు, గడ్డం, తెరిచిన నోరు. ఆ నోటి ఆకారం మళ్ళీ కదిలింది. ఏమందో ఫ్యాను హోరులో ఎవరికీ వినపడలేదు. తల్లికి వినపడక్కర్లేదు. అర్ధరాత్రుళ్ళు కిటికీలన్నీ తెరిచి ఆ మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో. పిల్ల అడిగేది వీళ్ళ గాలి కాదు.

ఒట్టు గుర్తొచ్చింది. పిల్ల నెత్తి, దానిమీద తన చెయ్యి, ఆ జుట్టు వెచ్చదనం. చెబితే పోతుందేమో. చెప్పకపోతే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటి మధ్యా నిలబడ్డానికి గడ్డిపరకంత చోటు కూడా లేదు.

"ఉబ్బసం!" అని అరిచింది. "నా పిల్లకి ఉబ్బసం! ఊపిరాడ్డం లేదు, గాలి ఆపండి, గాలి!"

"గాలి" అన్న మాటే విన్నాడు బాబాయ్. మీట ఇంకా తిరుగుతుందేమోనని లాగి చూశాడు.

"మొన్న తేలు, నిన్న కాలు, ఇవాళ ఉబ్బసమా అమ్మా?" అసిస్టెంటు డైరెక్టరు ఆమె భుజం పట్టుకున్నాడు. "రండి, బయటికి రండి."

ఆమె ఆ చెయ్యి కొరికింది. పరిగెత్తింది. లైట్ల మధ్యలోకి, కెమెరా ముందుకు, మొగుడు వేషం ఆయన దగ్గరికి. ఆయన చేతిలో గొడ్డలి లాక్కుని వెనకనుంచి బెరడు మీద కొట్టింది. గొడ్డలి మెత్తగా వంగిపోయింది. అదీ రబ్బరే. ఇక్కడ ఏదీ నిజం కాదు, లోపలున్న పిల్ల తప్ప. గోళ్ళతో బెరడు పీకింది. జిగురు ఊడి రాలేదు.

"కట్! కట్!" డైరెక్టరు అరుస్తున్నాడు. "ఎవరైనా పట్టుకోండి ఆమెని!"

పట్టుకోవడానికి వచ్చింది మొక్కలాయన. ఆయన నడుముకి కొమ్మలు కత్తిరించే కత్తెర వేలాడుతోంది. ఆమె దాన్ని లాగి, పిల్లకి తగలకుండా జిప్పు పక్కన స్పాంజిలోకి దించింది. "అయ్యో నా తొడుగు!" అని మేస్త్రి గొల్లుమన్నాడు. చీలికలోంచి చెయ్యి జారి బయటికి వచ్చింది. ఆ వేళ్ళు నీలంగా ఉన్నాయి. అది చూసి మరుక్షణం మేస్త్రే రెండు చేతులతో చీలికను చించేశాడు.

పిట్ట చెట్టులోంచి ఊడిపడ్డట్టు తల్లి ఒళ్ళో పడింది. పెదాలు నేరేడుపండు రంగు. మందు నోట్లో పెట్టి నొక్కింది. పీల్చుకునే ఓపిక ఉంటే కదా, మందు పెదాల అంచునే ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. "పీల్చవే తల్లీ, ఒక్కసారి పీల్చు, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. బాబాయ్ ఫ్యాను ఆపాడు. అంతవరకూ హోరు ఉన్నచోట ఆమె ఏడుపు ఒక్కటే మిగిలింది.

ఆసుపత్రిలో పిట్టను తలుపు లోపలికి తీసుకెళ్ళిపోయారు. తల్లిని బయట ఆపేశారు. గోడకి ఆనించిన బల్ల మీద కూర్చుంది. చీరంతా నాచు. డైరెక్టరు, మేస్త్రి, మిగతావాళ్ళు మెట్ల దగ్గర నిలబడ్డారు. దగ్గరికి రావడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

బాబాయ్ ఒక్కడే వచ్చాడు. బల్ల మీద కాకుండా నేల మీద కూర్చున్నాడు.

"గాలి అందమ్మా. నేను విన్నాను. గాలి అని అడిగింది. అడిగితే ఇచ్చాను."

తిట్టడానికి ఆమె గుండెలో కావలసినన్ని మాటలు ఉన్నాయి. నీ చెవులు మండ, నీ చేతులు పడ, అన్నీ నాలుక చివరన వరసగా నిలబడ్డాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మాట తప్పు వినలేదు" అన్నాడాయన. "ఇవాళ కూడా తప్పు వినలేదమ్మా. సరిగ్గానే విన్నాను. అదే... అదే..." ముసలాయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"తప్పు నాది" అందామె. "ముందే చెప్పాల్సింది. దాని మీదే ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పాను. ఇంక ఏమవుతుందో అవుతుంది."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండమ్మా! ఒట్లకి మనుషులు పోతారా? పోతే నా గాలికి పోవాలి గానీ." ఆయన ఆమె పాదాల వైపు చెయ్యి చాపాడు, తాకలేదు. "ఒక్కమాట చెప్పండి. తల్లికి తెలుస్తుందంటారు కదా. బతుకుతుందా?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరికీ మంచి జరుగుతుందని చెప్పి ఎరగదు. చెబితే దిష్టి. ఎవరు ప్రయాణమైనా బండి పట్టాలు తప్పుతుందేమో అనేది. ఎవరికి జ్వరం వచ్చినా ఇది మామూలు జ్వరం కాదనేది. అయినా ఎవరూ ఆమె మాట లెక్కచేసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఈ ముసలాయన ఆమె నోటివంకే చూస్తున్నాడు. ఆమె పోతుందంటే ఈయన ఇక్కడే పోయేట్టున్నాడు.

"బతుకుతుంది" అంది. "బతక్కేం? అది మొండిఘటం."

ఆయన మొహం ముడతలన్నీ ఒక్కసారి సడలాయి. చేతులెత్తి దండం పెట్టాడు. గోడ పట్టుకుని లేచి, పడుతూ లేస్తూ మెట్ల వైపు నడిచాడు. చెవుడు మనిషి కదా, మెల్లగా మాట్లాడ్డం చేతకాదు.

"గండం గడిచిందట! వాళ్ళమ్మగారే చెప్పారు! బతికిందట!"

మెట్ల దగ్గర ఒక్కసారిగా గోల రేగింది. ఎవరో బావురుమన్నారు, ఎవరో నవ్వారు. డైరెక్టరు మోకాళ్ళ మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. మేస్త్రి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, "ఆఁ, బానే ఉంది, తల్లి చెప్పింది, ఆఁ."

అలా అనలేదు, నేనలా అనలేదు అని లేవబోయింది. ఆ గోలలో ఎవరూ ఇటు చూడలేదు. ఇన్నేళ్ళుగా ఆమె చెప్పిన ఏ చెడూ ఎవరూ నమ్మలేదు. చెప్పిన ఒకే ఒక్క మంచి, తనే నమ్మనిది, అందరూ ఇలా నమ్మేశారేమిటి?

తలుపు తెరుచుకుంది. నర్సు వేలితో పిలిచింది.

"ఎలా ఉందమ్మా?"

"గొట్టం వేశారు. ఊపిరి మిషనే తీస్తోంది. ఇప్పుడే ఏమీ చెప్పలేం. లోపలికి రండి, చప్పుడు చెయ్యకండి."

పిట్ట మంచంలో ఇంకా చిన్నగా ఉంది. మొహానికి రాసిన బెరడు రంగు సగం అలాగే ఉంది, చెవి దగ్గర ఒక ఆకు అంటుకుని ఉంది. మంచం పక్కన మిషను బుస్సుమంటే ఛాతీ పైకి లేస్తోంది. అది ఆగితే దిగుతోంది. తల్లి ఆకు తీయబోయి, తీస్తే ఏమవుతుందోనని చెయ్యి వెనక్కి లాక్కుంది.

తలుపు అవతల ఎవరో గట్టిగా నవ్వారు. నవ్వనీ అనుకుంది. మంచం కమ్మీ పట్టుకుని, ఛాతీ లేచినప్పుడల్లా తనూ ఊపిరి లోపలికి తీసుకుంటూ, దిగినప్పుడల్లా మళ్ళీ లేస్తుందో లేదోనని ఆపుకుంటూ నిలబడింది.